పదో కార్డు

మా ఊళ్లో ఉత్తరాలకు ముద్ర వేసే చెయ్యీ, పిల్లల అరచేతుల మీద బెత్తం ఆడించే చెయ్యీ ఒక్కటే. ఆయన మా పోస్టుమాస్తరు. తన ఇంటి ముందుగదిలోనే పోస్టాఫీసు నడిపేవాడు. పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా అదే గదిలో తెలుగు అంగళ్లవాళ్ల పిల్లలను కూర్చోబెట్టి అక్షరాలు, ఎక్కాలు చెప్పేవాడు. మాది కర్ణాటకలో రాయచూరు వైపు ఊరు, సర్కారు బడి కన్నడం బడి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు రాయడం రాకపోతే బంధువుల ముందు తలవంపులని మా అమ్మ పట్టుదల. ఆమెకు ఏ భాషా రాయడం రాదు, అది వేరే సంగతి.

నాది ఎడమచేతి వాటం. కన్నడం బడిలో గదికి అరవైమంది పిల్లలం. ఎవరు ఏ చేత్తో రాస్తున్నారో చూసే తీరిక అక్కడి సార్లకు లేదు. మాస్తరు దగ్గర ఉన్నది పన్నెండుమందిమి. నేను బలపం ఎడమచేత్తో పట్టుకున్నానంటే ఆయన చెవులకు కూడా కనబడేది. వీపు తిప్పి ఉత్తరాలు వేరు చేస్తూనే "ఏయ్, చెయ్యి మార్చు" అనేవాడు. మార్చేదాన్ని. రెండు నిమిషాలకు మళ్లీ నాకు తెలియకుండానే బలపం ఎడమచేతిలోకి వచ్చేసేది. అప్పుడు బెత్తం.

బెత్తంతో అయిపోతే నేను ఇవాళ ఇదంతా రాసేదాన్ని కాదు. కొట్టాక ఆయన పోస్టాఫీసు ముద్ర తీసి, నల్ల సిరాలో ఒత్తి, మన చేతి వెనక ధన్‌మని ఒకటి వేసేవాడు. గుండ్రంగా ఊరి పేరు, మధ్యలో ఆనాటి తారీఖు. "ఇంటికి పోయి అబద్ధాలు ఆడ్తరు గద, ఇగ ఆడుండ్రి" అనేవాడు. ముద్రతో ఇంటికి వచ్చిన పిల్లకు ఇంట్లో రెండో విడత ఉండాలన్నది ఊరంతా ఒప్పుకున్న పద్ధతి. ఎవరూ రాసిపెట్టలేదు గాని, ఏ ఇంట్లోనూ తప్పలేదు.

మా అమ్మకు తారీఖు చదవడం రాదని మొదట్లో నేను ఆశపడ్డాను. "ఇది నిన్నటిదమ్మా" అన్నాను ఒకరోజు. ఆమె నా చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "సిరా ఇంక పచ్చిగనే ఉన్నది, నిన్నటిదంటవా" అని రెండు అంటించింది. చింతపండుతో తోమాను, బూడిదతో తోమాను, ఒకసారి కిరసనాయిలు కూడా పోశాను. చర్మం పోయేలా ఉంది గాని తారీఖు పోలేదు. వారానికి ఐదు రోజులు నా చేతి మీద మా ఊరి పేరు ఉండేది.

నేను నాలుగో తరగతిలో ఉండగా జరిగింది ఇది. థర్మల్ కరెంటు కేంద్రం పొగగొట్టాలు అప్పటికే మా మిద్దె మీంచి కనబడేవి. కరెంటు మన పక్కనే పుట్టి మనల్ని పలకరించకుండానే బెంగళూరు పోతుందని నాన్న అంగట్లో కూర్చుని లాంతరు తుడుస్తూ తిట్టేవాడు. అలాంటి రోజుల్లో పోస్టాఫీసుల మీద పైనుంచి ఒక కాగితం వచ్చింది. ఉత్తరాలు తక్కువ వచ్చిపోయే చిన్న పోస్టాఫీసులను మూసేసి పక్క ఊరి దానిలో కలిపేస్తారట. రెండు వారాలు లెక్క రాసుకుంటారట. పిన్ కోడ్ లేని ఉత్తరాలను లెక్కలోకే తీసుకోరట. ఆ తర్వాత రాయచూరు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి తేలుస్తాడట.

ఊరు ఉలిక్కిపడింది. పింఛను ముసలివాళ్లు పక్క ఊరిదాకా నడవాలి. ఊరిపెద్దలు గబగబా కట్టలకొద్దీ పోస్టుకార్డులు కొనుక్కొచ్చి మాస్తరు ముందు పడేశారు. ఊళ్లో రాయడం వచ్చి, పనీపాటా లేనివాళ్లం మేమే. "ఒక్కొక్కరు పది కార్డులు. ఎవరికన్న రాయుండ్రి, ఏదన్న రాయుండ్రి. పిన్ కోడ్ మర్వద్దు" అన్నాడు మాస్తరు. జీవితంలో మొదటిసారి ఆయన మాకు చెప్పిన పాఠం నాకు నచ్చింది.

మొదటి కార్డు ఇడపనూరులో ఉన్న మా మేనత్తకు రాశాను. 'అత్తా, నేను బాగున్నాను, మా బర్రె బాగుంది, దూడకు తోక పొడుగు' అని. నాకేం తెలుసు, ఆమె ఇంటికి అంతకుముందు వచ్చిన కార్డులన్నీ చావు కబుర్లే అని! ఆమెకు చదువు రాదు. కార్డు చేతిలో పడగానే చదివించుకోవాలన్న తెలివి కూడా రాలేదు. మధ్యాహ్నం బస్సు దిగి, మా వీధి మొగలోనే గుండె బాదుకుంటూ "అన్నా, ఎంత పని అయిపాయె" అని మొదలుపెట్టింది. అంగట్లో పప్పు తూస్తున్న మా నాన్న లేచి నిలబడ్డాడు. బతికున్న అన్నను చూసి అత్త ఇంకా గట్టిగా ఏడ్చింది, మరి పోయిందెవరో తెలియక. చివరికి కార్డు చదివితే దూడ తోక బయటపడింది. ఆ రోజు ముద్ర లేకుండానే మా అమ్మ నన్ను ఉతికింది. అత్త మాత్రం రెండు రోజులుండి, బూరెలు తిని, నవ్వుకుంటూ వెళ్లింది.

అరకేరలో ఉన్న మామకు, ఆయన పక్కింటివాళ్లకు, నాన్నకు బెల్లం పంపే షావుకారుకు, ముఖం తెలియని ఇంకెవరెవరికో, అత్తదితో కలిపి తొమ్మిది రాశాను. మిగిలింది ఒకటి. చిరునామాలు అయిపోయాయి. ఖాళీ కార్డు పట్టుకుని మిద్దెక్కి కూర్చున్నాను. చేతి మీద పొద్దుటి ముద్ర ఇంకా నల్లగా మెరుస్తోంది. ఒక్కసారిగా బుర్ర వెలిగింది. ముద్ర ఎవరిది? సర్కారుది. సర్కారు ఎక్కడుంది? రాయచూరులో పెద్ద పోస్టాఫీసులో. ఆఫీసర్లకు కన్నడంలో రాయాలని కూడా నాకు తెలుసు. ఎడమచేత్తో, ఎవరూ చూడని చోట, నా బతుకులో అంత అందంగా ఎప్పుడూ రాయలేదు:

'పెద్ద సాహెబుకు నమస్కారాలు. మా మాస్తరు మీ ముద్రను ఉత్తరాల మీద కంటే నా చేతి మీద ఎక్కువ వేస్తున్నాడు. ఉత్తరాలు లెక్కపెట్టేటప్పుడు నన్ను కూడా లెక్కపెట్టండి.'

కింద నా పేరు, తరగతి కూడా రాశాను. పరుగెత్తుకుంటూ వెళ్లి ఎర్రడబ్బాలో వేశాను. కార్డు లోపల టప్పుమని పడిన చప్పుడు విన్నాకే గుర్తొచ్చింది, ఆ డబ్బా వేలాడుతున్నది మాస్తరు ఇంటి గోడకు. దాని తాళంచెవి మాస్తరు మొలతాడుకు. పైగా నేను వేసింది కార్డు, దానికి కవరు కూడా లేదు. పెరట్లోంచి చీపురుపుల్లలు తెచ్చి డబ్బా నోట్లో పెట్టి కెలికాను. పుల్లలన్నీ లోపల పడ్డాయి, కార్డు మాత్రం రాలేదు.

మర్నాడు పొద్దున మేమంతా ఎక్కాలు పాడుతుండగా మాస్తరు డబ్బా తెరిచాడు. ముందు చీపురుపుల్లలు తీసి పక్కన పెట్టాడు. తర్వాత ఒక్కొక్క కార్డూ చూస్తూ నా కార్డు దగ్గర ఆగాడు. నేను పదమూడో ఎక్కం దగ్గర ఆగాను. మిగతావాళ్లు నా ముఖం చూసి వాళ్లూ ఆగారు. ఆయన రెండుసార్లు చదివాడు. ముఖం ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. "ఇటు రా" అన్నాడు. నేను లేచి వెళ్లాను.

"పిన్ కోడ్ ఏది?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"రాయచూరుకు పిన్ కోడ్ ఏదే? ఎన్నిసార్లు చెప్పిన? ఇది లేకుంటే ఎట్ల పోతది, ఎవ్వరు లెక్కల పట్టుకుంటరు?" అని కలం నా ముందు పెట్టాడు. "నువ్వే రాయి."

ఆయన కళ్లముందు ఎడమచేత్తో రాసే ధైర్యం నాకు లేదు. కుడిచేత్తో ఆరు అంకెలు వేశాను. ఒకటి పైకి, ఒకటి కిందికి పోయాయి. పిన్ కోడ్ మరిచినందుకు బెత్తంతో ఒకటి పడింది. ఒక్కటే. నా చేతి మీద ముద్ర వేయలేదు. కార్డు మీద వేసి, సంచిలో పెట్టాడు. వెనకనుంచి మెడ సాచి కార్డు చదివేసిన పెద్ద పిల్లాడు ఆగలేక "చించెయ్యరాదా మాస్తరూ" అని అడిగేశాడు. ఆయనకు నా మీద రాని కోపం వాడి మీద వచ్చింది.

"డబ్బాల పడ్డంక అది నాది గాదు, దానిది గాదు. ఎవరి పేరు మీద ఉన్నదో వాళ్లది. చించుతె జైలే" అన్నాడు.

ఆ రెండు వారాలు ఎలా గడిచాయో అడగకండి. చెయ్యి శుభ్రంగానే ఉండేది. దెబ్బలు పడేవి గాని ముద్ర పడేది కాదు. మా అమ్మ రోజూ నా చెయ్యి తిప్పి చూసి, ఏదో మతలబు ఉందని అనుమానపడేది. నేను మాత్రం రాత్రిళ్లు అన్నం కూడా సరిగా తినకుండా ఇన్‌స్పెక్టరు కోసం ఎదురుచూశాను, ఒకసారి ఆశతో, ఒకసారి భయంతో.

చివరికి వచ్చాడు. సన్నటి మనిషి, చంకలో సంచీ. పెద్దలంతా పోస్టాఫీసు ముందు చేరారు. లెక్కలు చూసి, సరిపోయాయని తల ఊపాడు. ఊరు ఊపిరి పీల్చుకుంది. పెద్దలు చాయ్‌కి కేక వేశారు. అప్పుడు సంచిలోంచి నా కార్డు తీశాడు.

"యారు ఈ హుడుగి?" అన్నాడు కన్నడంలో. ఈ పిల్ల ఎవరని.

నన్ను ముందుకు తోశారు. అమ్మ గుమ్మం దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఇన్‌స్పెక్టరు నన్ను పైనుంచి కిందికి చూసి, కార్డు పైకెత్తి అందరికీ చూపించాడు. ఆయన కూడా రాయచూరులో పుట్టినవాడే, తెలుగు బాగా వచ్చు, మాట తెలుగులోకి మార్చాడు. "ఇంత మంచి అక్షరం నాల్గో తరగతి పిల్లదా? పోస్టుమాస్తరు మీద కోపమున్నోడెవడో పెద్దోడు రాసిండు, పిల్ల పేరు పెట్టిండు. ఏం పాపా, నువ్వే రాసినవా? అయితే ఇదే మాట ఇంకోసారి రాయి చూస్త."

తెల్లకాగితం, కలం బల్ల మీద పెట్టాడు. మాస్తరు పక్కనే నిలబడి ఉన్నాడు. అమ్మ కుడిచెయ్యి అని సైగ చేస్తోంది. నేను కుడిచేత్తో కలం పట్టుకున్నాను. ఒక్క వాక్యం రాసేసరికి చెమటలు పట్టాయి. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఇన్‌స్పెక్టరు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. "చూసిండ్రా? పిన్ కోడ్ ఒక్కటే ఈ పిల్లది. మిగతాది ఇంకెవరిదో. దొంగ అర్జీ" అని కార్డు మడవబోయాడు.

పెద్దలు నవ్వారు. అమ్మ హమ్మయ్య అనుకుంది, నాకు కనబడుతూనే ఉంది. నాకు మాత్రం కడుపు మండిపోయింది. దెబ్బలు తిన్నది నేను, మిద్దెక్కి రాసింది నేను, ఇప్పుడు ఆ మాటలు కూడా నావి కావట! నోరు తెరిస్తే ఏడుపే వస్తుందని మూసుకున్నాను. మాస్తరు నోరు మూసుకుంటే చాలు, అంతటితో అయిపోయేది. ఆ సంగతి ఆ గదిలో అందరికంటే ఆయనకే బాగా తెలుసు.

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఆ చెయ్యి గాదు సార్" అన్నాడు. "దానిది ఎడమ చెయ్యి."

ఆయన నా వైపు చూడలేదు. కాగితం తిప్పి, తెల్లగా ఉన్న పక్క నా ముందు పెట్టాడు. నేను కలం ఎడమచేతికి మార్చుకున్నాను. మొదటి అక్షరం పడగానే ఇన్‌స్పెక్టరు కళ్లద్దాలు సర్దుకున్నాడు. రెండో మాటకే కార్డునూ కాగితాన్నీ చూసి, "అయితే ఇందుల ఉన్నది నిజమేనా మాస్తరూ?" అన్నాడు. "నిజమే సార్" అన్నాడు ఆయన. తర్వాత ఆయనకు పైనుంచి మెమో వచ్చింది, ఇక పోస్టాఫీసు గదిలో పిల్లలను కూర్చోబెట్టకూడదన్నారు. మమ్మల్ని పెరట్లోకి మార్చాడు. బెత్తం కూడా మాతోపాటే పెరట్లోకి వచ్చింది. ఆయన మారిపోయాడని నేను చెప్పను.

కాని ఆ పూట నేను రాస్తూనే ఉన్నాను. అడిగిన వాక్యం అయిపోయింది. ఆగలేదు. నా పేరు రాశాను, ఊరి పేరు రాశాను, మామ పేరు, అత్త పేరు, బర్రె సంగతి, దూడ సంగతి, కన్నడంలో అయ్యాక తెలుగులో. కాగితం చివరిదాకా వచ్చేసింది. నవ్వొస్తోంది, చెయ్యి గాల్లో ఉన్నట్టుంది. "సాకు పాపా, చాలు చాలు" అని ఇన్‌స్పెక్టరు కలం తీసుకోబోయాడు.

మాస్తరు ఆయన చేతికి తన చెయ్యి అడ్డం పెట్టాడు.

"రాయనియ్యండి సార్" అన్నాడు.