తుపాకీకి వేసిన కొసరు

ఒక తుపాకీ వల్ల నా పెళ్లి చావు తప్పి కన్ను లొట్టబోయింది. తుపాకీ పేలి కాదండోయ్, మెరిసి! నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి, కాసేపట్లో నన్ను చూసి జాలిపడాల్సి వస్తుంది.

శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి మేం అండమాన్‌లోని మాయాబందర్ వచ్చి అప్పటికి నాలుగేళ్లు. నాకు ఇరవై రెండు. ఒంటినిండా చురుకు, బుర్రనిండా రొయ్యపొట్టు. మా మేనమామ అప్పలస్వామి ఇంట్లోనే ఉంటూ ఆయన పడవ మీదే వేటకి వెళ్లేవాణ్ని. ఆయన కూతురు సరసుని చేసుకోవాలని నాకు ఆశ. సరసుకీ ఇష్టమే. ఇక మామయ్య ‘ఊఁ’ అనడమే మిగిలింది. ఆ ఒక్క ‘ఊఁ’ కోసం నేను చెయ్యని సేవ లేదు.

మామయ్యకి జోడుగొట్టాల పాత తుపాకీ ఒకటుండేది. ఇంటి వెనక వరిచేలో జింకలు పడితే ఆకాశంలోకి ఒకటి పేల్చేవాడు. దాని గొట్టాల నిండా గోధుమరంగు సుడులు, వేలిముద్రల్లాగా. మా దీవుల్లో ఉప్పుగాలికి మేకు నుంచి తాళం దాకా తుప్పు పట్టనిది లేదు. పడవ మీద బతికేవాళ్లం, గోధుమరంగు కనబడితే గీకెయ్యాలనే తోస్తుంది.

మామయ్య లైసెన్సు పనిమీద పోర్ట్ బ్లెయిర్ వెళ్లాడు. నేను గరుకు కాగితం, ఇసుక, కొబ్బరిపీచు పట్టుకుని అరుగు మీద కూర్చున్నాను.

"బావా, అయ్యని అడక్కుండా దాన్ని ముట్టుకోకు" అంది సరసు.

"తుప్పే, తుప్పు! ఒచ్చి సూసి మురిసిపోతాడు మీ అయ్య."

మూడు రోజులు తోమాను. సుడుల్లేవు, మరకల్లేవు. కొత్త స్టీలుగ్లాసులా మెరిసింది. అందులో నా మొహం చూసుకుని, అల్లుడి కళ ఉట్టిపడుతోందని కూడా అనుకున్నాను. సిగ్గు లేకపోతే సరి!

నాలుగో రోజు మామయ్య తిరిగొచ్చాడు. తుపాకీని ఒకసారి చూపిద్దామని, తుపాకులు బాగుచేసే ముసలి రహీమ్ మిస్త్రీని వెంటబెట్టుకొచ్చాడు. మిస్త్రీ గొట్టాలు చూసి నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నాడు.

"హాయ్ అల్లా! బేటా, దీని ఫూల్ ఎక్కడ?"

"పువ్వేటి చాచా? తుప్పు గీకినాను."

"జంగ్ కాదు రా, ఫూల్! ఇనుపపట్టీ ఒకటి, ఉక్కుపట్టీ ఒకటి కాల్చి, మీరు తాడు పేనినట్టే కమ్మరులు మెలితిప్పుతారు. ఆ మెలికని కడ్డీకి చుట్టి, కొలిమిలో పెట్టి, అతుకు కనబడకుండా కొడతారు. కడ్డీ తీసేసి లోపల తొలుస్తారు. అప్పుడు గొట్టం. ఆ మెలికే పైన సుడుల్లా కనబడే ఫూల్!"

"మరి ఆ గోధుమరంగు?"

"రంగు తుప్పే. కావాలని పట్టించింది!"

ఉప్పుగాలితో జన్మంతా కుస్తీ పట్టేవాడికి, తుప్పుని పనిగట్టుకుని పట్టించేవాళ్లు కూడా ఉంటారంటే నమ్మబుద్ధవుతుందా, మీరే చెప్పండి.

మిస్త్రీ గొట్టాలని చెక్కపిడి నుంచి విడదీసి అడుగువైపు చూపించాడు. అక్కడ సన్నటి అంకె కొట్టి ఉంది: ఒక కిలో నాలుగువందల ఎనభై.

"జోడీ తయారైన రోజు తూకం ఇది. తరవాత ఎవరు గీకినా తూకం పట్టిస్తది. బాగా తగ్గిందంటే గొట్టం పల్చబడ్డట్టే. అప్పుడు పేలిస్తే జింక బతుకుద్ది, పేల్చినోడు పోతాడు."

మామయ్య అరవలేదు. ఆయన అరవకపోతేనే భయం.

"బువ్వ తిన్నాక తూద్దాం. తూకం తగ్గిందా, సరసు పెళ్లి మాట నా కాడ ఎత్తకొరే" అన్నాడు.

వాళ్లు లోపల చేపలపులుసు జుర్రుకుంటుంటే బయట నేనూ ఆ గొట్టాలూ మిగిలాం. ఎదురుగా వల. వల అంచున సీసపు గుళ్లు. చెడిన బుర్రకి ఉపాయాలెక్కువ! గుప్పెడు గుళ్లు తెంపి, రెండు గొట్టాల్లో పోసి, అటూ ఇటూ గుడ్డపేలికలు లోపలికంటా దూర్చాను. అక్కడితో ఆగితే బాగుపడేవాణ్నేమో. కానీ మాది చేపలమ్మే చెయ్యి. తూకమయ్యాక పైన ఓ చేప కొసరు వెయ్యకపోతే ఊరుకోదు. పేలికలు పీకి ఇంకో గుప్పెడు పోసి, మళ్లీ దూర్చాను.

రేవునుంచి త్రాసు తెచ్చారు. మిస్త్రీ తూచాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"అప్పల్ భాయ్, పావుకిలో ఎక్కువుంది."

"తక్కువా?"

"ఎక్కువ! నలభై ఏళ్లుగా బందూకులు చూస్తున్నా. అరిగిన గొట్టాలు చూశా, పేలిన గొట్టాలు చూశా. అండమాన్ కూడు తిని ఒళ్లు చేసిన గొట్టం పహ్లీ బార్, ఇప్పుడే చూస్తున్నా!"

మామయ్య గొట్టాలని తలకిందులు చేసి అరుగుకేసి తట్టాడు. పేలికలూడి సీసపు గుళ్లు టపటపా రాలాయి. గింజలనుకుని కోడిపెట్ట పరుగెత్తుకొచ్చింది. దాన్ని తోలే వంకతో నేనూ పారిపోదామనుకున్నాను, మామయ్య చొక్కా పట్టుకున్నాడు.

మళ్లీ తూచారు. ఇరవై గ్రాములు తగ్గింది. మిస్త్రీ లోపలా బయటా వేలు పెట్టి, కొలిచి, పెదవి విరిచాడు.

"పైపైన అరిగింది, అంతే. భయం లేదు. తుప్పు పట్టించే మందు పూసి ఫూల్ మళ్లీ తెప్పిస్తా."

విన్నారా? చేతులు కట్టుకుని కూర్చుంటే సరిపోయేది!

"తగ్గితే తగ్గినట్టే. పెళ్లి లేదు" అన్నాడు మామయ్య. నాకు ఏడుపొచ్చింది, నిజంగానే.

అప్పుడు సరసు గుమ్మంలోకొచ్చింది. "అయ్యా! రేవులో మొదటి తూకమే తూకం, రెండోసారి తూసేవోడు దొంగ అని నువ్వే కదేటి అంటావు? మొదటి తూకంలో తగ్గిందేటి?"

మిస్త్రీ పొట్ట పట్టుకుని నవ్వాడు. "బిటియా సహీ బోలీ, భాయ్! నీ మాటే నీకు అప్పజెప్పింది!"

మామయ్య నా చొక్కా వదిలాడు. "సరే. పిల్లనిస్తాను. కానొరే, పిల్లనైనా ఉన్నదున్నట్టు ఉంచు. మెరిపించాలని సూడకు."

కనుక సముద్రం సాక్షిగా, త్రాసు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పరాయివాడి ఇనుము ఈ జన్మలో తోమను. తోమినా, తూకం కలపను. కలపక తప్పకపోతే, ముందు సరసుని అడుగుతాను.