అన్న మాట, చెల్లెలి గొంతు

బట్టలు సరిచేసి కుట్టే ఆవిడను వీధిలో అందరూ ‘కత్తెర’ అనేవారు. చేతిలో ఉండేదీ అదే, నోరూ అలాంటిదే. ఆ పేరు పెట్టింది సొంత అన్నే. సిటీ బస్సు నడిపి రిటైరైన ఆయనకూ, ఆమెకూ చిన్నప్పటి నుంచి ఒకటే పిచ్చి, ఒక రాక్ బృందం. ఇంట్లో ఉన్న ఒక్క టేప్‌రికార్డరుకు చెరో పక్క చెవులు ఆనించి పెరిగారు.

తర్వాత బృందం చీలిపోయింది. పాట ఎవరిది, పేరు ఎవరికి అన్న దగ్గర మొదలై, గాయకుడూ గిటారిస్టూ ఒకరి మొహం ఒకరు చూసుకోనంత దాకా వెళ్లింది. అన్న గాయకుడి పక్షం పట్టాడు, చెల్లెలు గిటారిస్టు పక్షం. ఇద్దరికీ పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు, వాదన మాత్రం తెగలేదు. ఆదివారం భోజనాల దగ్గర అది మొదలైతే పిల్లలు కంచాలు పట్టుకుని వరండాలోకి పారిపోయేవారు.

“మీవాడికి తలపొగరు అన్నయ్యా. మైకు దొరికితే ఒళ్లు తెలీదు.”

“మీవాడు ఉత్త ముంగి. మాట్లాడకుండా అలిగి కూర్చునేవాడితో ఎవరు వేగుతారే?”

కిందటేడు అన్నకు గొంతులో జబ్బు చేసింది. ఆపరేషన్‌తో ప్రాణం దక్కింది గానీ మాట పోయింది. అప్పటి నుంచి ఆమె ఆ బృందం ఊసెత్తలేదు. బదులు చెప్పలేని మనిషితో వాదించడం, కాళ్లు కట్టేసి పరుగు పందేనికి పిలిచినట్టు అనిపించింది. ఆదివారాలు చప్పగా గడిచాయి.

అలాంటి రోజుల్లో గాయకుడు పోయాడు. అభిమానులు లైబ్రరీ మేడమీద గదిలో సంతాపసభ పెట్టుకుంటే, ఆమె అన్నను వెంటబెట్టుకుని వెళ్లింది. మొదట అందరూ కళ్లు తుడుచుకున్నారు. కాసేపటికే గది రెండు ముక్కలైంది.

“పోయినవాళ్లను అనకూడదు గానీ, బృందాన్ని ముంచింది ఈయనేనండీ,” అన్నాడు ఒక పళ్ల డాక్టరు. “చివరి కచేరీ మధ్యలో స్టేజి దిగి వెళ్లిపోలేదూ?”

చాలా తలలు ఊగాయి. అన్న గభాలున లేచాడు. నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. కూర్చోలేక, నిలబడలేక, చెవులు ఎర్రబడి అలాగే ఉండిపోయాడు.

డాక్టరు అన్నది ఆమె ఇన్నేళ్లూ వాదించిన మాటే. అయినా ఆమె లేచింది.

“ఆగండి. ఆ రోజు ఆయన తల్లి ఆస్పత్రిలో ఉంది. టికెట్లు కొన్నవాళ్లు ఉసూరుమంటారని వచ్చాడు. ఆవిడకు విషమించిందని కబురు అందేదాకా పాడాడు. కన్నతల్లి దగ్గరికి పరిగెత్తితే పొగరా?”

గొంతు ఆమెదే, మాటలు అన్నయ్యవి. తను ఏళ్ల తరబడి కొట్టిపారేసిన వాదనలన్నీ ఆయన విరుపులతో సహా ఒక్కొక్కటే బయటికొచ్చాయి. మధ్యలో అన్న ఆమె కొంగు లాగి, గాల్లో పైన ఒక గీత, కింద ఒక గీత గీశాడు. ఆమెకు అర్థమైంది. ఇష్టం లేకపోయినా చెప్పింది.

“మొదటి రికార్డు మీద గిటారిస్టు పేరు పైన వేయించి, తన పేరు కింద వేసుకున్నదీ ఈయనే.”

“మీరు గిటారిస్టు మనిషి కదమ్మా! ప్లేటు ఫిరాయించారేంటి?” అన్నాడెవరో.

“ఇప్పుడు మాట్లాడేది మా అన్నయ్య. నా వంతు ఇంకా రాలేదు.”

గదంతా నవ్వింది. డాక్టరూ నవ్వి, అన్న దగ్గరికి వచ్చి చెయ్యి కలిపాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ సీటు అన్నకిచ్చి, “మరీ పొంగిపోకు. నేనేం మారలేదు,” అంది.

ఆయన భుజాలు కదిలేలా చప్పుడు లేకుండా నవ్వాడు. తర్వాత ఆమె వైపు అరచెయ్యి చాపాడు, ‘ఊఁ, కానియ్’ అన్నట్టు.

ఆమె గొంతు సవరించుకుని, “తల్లి కోసమే వెళ్లాడనుకుందాం. మర్నాడైనా మావాడికి ఒక్క ఫోను చెయ్యొచ్చుగా మీవాడు?” అంది.

అన్న రెండు చేతులూ ఎత్తి గాల్లో విసిరిన విసురుకు పక్క సీటాయన టోపీ కిందపడింది.