మాయ అందుకోలేదు

తొంభైల చివర్లో నేను శామీర్‌పేట దారిలోని ఒక పరిశోధనశాలలో పనిచేసేదాన్ని. మేడ్చల్‌లో బస్సెక్కి, దిగాక ద్రాక్షతోటల పక్కనుంచి నడిచి వెళ్లాలి. కడుపుతో ఉన్న కోతుల రక్తంలో హార్మోన్లు కొలవడం నా పని.

కోతికి కడుపు నిలిచిన కొత్తలో దాన్ని కాపాడే ప్రొజెస్టిరాన్ అనే హార్మోను అండాశయం నుంచి వస్తుంది. మూడు నాలుగు వారాలకు ఆ పని మాయ అందుకుంటుంది. కాన్పులో బిడ్డ వెనకే బయటపడుతుందే, ఆ మాయ. మనుషుల్లోనూ అంతే, కాకపోతే ఇంకొన్ని వారాలు ఎక్కువ పడుతుంది. అది అందుకోకపోతే కడుపు నిలవదు. ఆ హార్మోను పెరగడం, తగ్గడం రోజూ కాగితం మీద గీతలుగా గీసే నాకే మూడో నెలలో కడుపు పోయింది.

పదిహేను రోజులు ఇంట్లో పడుకున్నాను. అత్తమ్మ పాలు తెచ్చి ఇస్తూనే అనేది. “గా కోతుల నడుమ తిరిగితె కడుపెట్ల నిలుస్తది? వద్దంటె ఇన్నవా?” నా భర్త పక్కనే కూర్చుని పేపరు చదివేవాడు. ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. జవాబు చెప్పేంత చదువు నాకుంది. కానీ లోపల నాకూ అనుమానమే, తప్పు నాదేనేమోనని.

మళ్లీ పనిలోకి వెళ్లిన నెలకు ఇది జరిగింది. కోతులకు తిండి పెట్టి, బోన్లు కడిగే పెద్దమ్మ ఒకామె రావల్కోల్ నుంచి వచ్చేది. చెవి చిరిగిన ఒక ఆడకోతి గురించి ఆమె ఆ పరిశోధన నడిపే సారుతో నా ముందే చెప్పింది.

“సారూ, రెండు దినాలాయె, గిది అరటిపండు ముట్టుతలేదు. డాక్టర్ను పిలుస్తరా?”

“మధ్యలో మందులిస్తే నా ఫలితాలు పాడవుతాయి. నీ పని నువ్వు చూసుకో” అన్నాడాయన.

మర్నాడు బోను కడుగుతుంటే ఆమె చేతిలోంచి బకెట్ జారి పెద్ద చప్పుడైంది. ఆ మధ్యాహ్నమే కోతికి రక్తస్రావం మొదలై కడుపు పోయింది. సాయంత్రానికి పెద్దమ్మను పనిలోంచి తీసేశారు. భయపెట్టి కడుపు పోగొట్టిందట.

ఫ్రీజర్లో దాచిన ఆ కోతి రక్తం నమూనాలకు వారం తర్వాత పరీక్ష చేశాను. అండాశయం హార్మోను తగ్గించాక గీత మళ్లీ పైకి లేవాలి, అది మాయ పని మొదలుపెట్టిన గుర్తు. ఈ కోతికి లేవలేదు. బకెట్ పడటానికి ఎన్నో రోజుల ముందే అంతా అయిపోయింది. నాకు కోపమొచ్చింది.

కాగితం తీసుకెళ్లి సారు ముందు పెట్టాను. “ఇందులో ఆమె తప్పేమీ లేదు సార్.”

ఆయన చూశాడు. అర్థమైంది కూడా, ఆ ముఖం నాకిప్పటికీ గుర్తు. “అంకెలివ్వడం నీ పని. వాటికి అర్థం చెప్పడం నా పని. ఆవిణ్ణి పంపించేశాంగా, ఇప్పుడు తిరగదోడి ఏం చేస్తావమ్మా?”

రిజిస్టరులో ఆయన ‘పనిమనిషి అజాగ్రత్త’ అని రాసిన చోట, దాని కిందే నా అంకెలన్నీ రాసి సంతకం పెట్టాను. ఆ తర్వాత నన్ను గాజుసామాను కడగడానికి వేశారు. రెండు నెలలు కడిగి మానేశాను.

మానెయ్యకముందే ఒక ఆదివారం రావల్కోల్ వెళ్లాను. పెద్దమ్మ అప్పటికే ఎవరిదో ద్రాక్షతోటలో కూలికి పోతోంది. గట్టు మీద కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఆమె ముఖంలో సంతోషమేమీ రాలేదు.

“నేను జేయలేదని నాకు ఎరుకనే బిడ్డా. నువ్వు జెప్పాల్నా? గా దినమే ఎవలన్న అడిగితె బాగుండు.” లేవబోతూ అడిగింది. “కోతి బతికిందా?”

“బతికింది.”

“తింటాందా?”

తింటోందని చెప్పాను. మళ్లీ పనిలోకి దిగింది. ఆ రోజే నేనెందుకు నోరు తెరవలేదని ఆమె అడగలేదు.

నా మీద నాకే వచ్చిన కోపంతో ఇల్లు చేరాను. అత్తమ్మ బియ్యం ఏరుతోంది. ఎదురుగా కూర్చుని నా కడుపు సంగతి మొదటిసారి చెప్పాను. కోతుల వల్ల కాదని, మాయ అందుకోకపోయి ఉంటుందని.

“గట్లైతె గా మాయ ఎవల్ది? నీ కడుపుల్నే గదా ఉండె!” అంది.

“నా ఒక్కదానిదే గాదు అత్తమ్మా. బిడ్డ యాడికెల్లి వస్తదో మాయ గూడ ఆడికెల్లే వస్తది. సగం నాదైతె, సగం నీ కొడుకుది.”

నా భర్త ఆ మాటకు పేపరు దించాడు. అత్తమ్మ చాట పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయింది. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ పలకరించలేదు. కోతుల పేరు మాత్రం ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.