జాముల్ దాకా వెళ్లిన క్యారియర్లు

"ఈసారి మా సంఘం వార్షికోత్సవానికి రా అమ్మా, వచ్చే ఏడు ఉంటాదో ఉండదో" అని ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ నుంచి మార్తమ్మ పిన్ని ఫోన్ చేయడంతో విజయనగరంలో రైలెక్కాను. మీరూ వెళ్తుంటే దుర్గ్ వైపు రైళ్లలో భిలాయ్ పవర్ హౌస్ స్టేషన్‌లో ఆగేదాన్ని చూసుకోండి. అక్కడి నుంచి సెక్టర్ 2కి షేర్ ఆటోలో ముప్పై రూపాయలైంది. తెలుగువాళ్ల ప్రార్థన హాలు అనగానే ఆటో భయ్యా సరిగ్గా గుమ్మం ముందే దింపాడు.

ఈ క్రైస్తవ సంఘం పుట్టింది పిన్ని వాళ్ల క్వార్టర్ ముందుగదిలో. బాబాయి ఉక్కు కర్మాగారంలో కొత్తగా చేరినప్పుడు క్రిస్మస్ నాడే డ్యూటీ పడింది. ఆ ముందుగదిలో ప్రార్థనకు చేరిన నాలుగు తెలుగు కుటుంబాలు తాము తినకుండా ముందు ఆయనకు క్యారియర్ కట్టి పంపాయి. తర్వాత వాళ్లే సంఘం పెట్టుకున్నారు. ప్లాంటుకు సున్నపురాయి పంపే నందిని గనుల కాలనీ వాళ్లూ కలిశారు, ముందుగది చాలక హాలు కట్టారు. డ్యూటీలో ఉన్నవాళ్లకు క్యారియర్లు వెళ్లేదాకా ఎవరూ భోజనానికి కూర్చోకూడదన్న పద్ధతి మాత్రం అలాగే ఉంది.

మధ్యాహ్నానికి వంట అయింది. కోడికూర వాసనకు నాకు ప్రాణం లేచొచ్చింది గానీ, పిన్ని ఖాళీ క్యారియర్ల ముందు దిగులుగా నిలబడిపోయింది. సభ్యులంతా రిటైరయ్యారు, ఈ ఏడాది డ్యూటీలో ఒక్కరూ లేరు. అన్నం పంపడానికి మనిషే లేకపోతే ఇంక సంఘం ఎందుకని ఆమె బాధ. ఆమెను చూస్తే నాకూ మనసు బరువెక్కింది.

వంట చేసిన కమల మొహమాటపడుతూనే నోరు విప్పింది. "మా ఆయనా, ఇంకొందరు మనోళ్లూ జాముల్ సిమెంటు ఫ్యాక్టరీల ఉన్నారు ఆంటీ. ఠేకేదార్ కింద పని, సండే ఛుట్టీ లేదు."

వాళ్లు కాంట్రాక్టు కూలీలు, మన ప్లాంటు మనుషులు కారు, మెంబర్లూ కారు కదా అని పిన్ని తటపటాయించింది. బాబాయి కుర్చీలోంచి లేచాడు.

"నాకు కూడు తెచ్చిననాడు సంఘమే లేదు కదే. మెంబరేటి, మెంబరు?" అని మొదటి క్యారియర్ తనే తీసి కమలకు అందించాడు.

ఆటో మాట్లాడుకుని ముగ్గురు ఆడవాళ్లం జాముల్ వెళ్లాం. కనుబొమల మీద సిమెంటు దుమ్ముతోనే వాళ్లు గేటు బయట కూర్చుని తృప్తిగా తిన్నారు. తమ గదుల దగ్గర కూడా ప్రార్థన పెడతారా అని కమల భర్త అడిగాడు. ఏ రోజు వీలో చెప్పమని, క్యారియర్లు తానే తెస్తానని పిన్ని మాటిచ్చింది. తిరుగుదారంతా ఆమె కూనిరాగం తీస్తూనే ఉంది.

చూడదగ్గ చోట్లేవీ చూడకుండానే తిరిగొచ్చాను, అయినా ఈ ప్రయాణం నాకు ఎంతో నచ్చింది. వచ్చే ఏడు ఉంటుందా అని పిన్ని ఇంక అనలేదు. మీకొక్క సలహా. ఆ సంఘం భోజనానికి మిమ్మల్ని పిలిస్తే పొద్దున్నే టిఫిన్ గట్టిగా లాగించి వెళ్లండి. క్యారియర్లు ఇప్పుడు జాముల్ దాకా వెళ్లి రావాలి.