గాంగి పాడని ఢావ్లో

ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఏ తండాలో పెళ్లి కుదిరినా బట్టల కొట్టుకు పరుగెత్తేవాళ్లు పరుగెత్తేవారు, వంటవాణ్ణి మాట్లాడుకునేవాళ్లు మాట్లాడుకునేవారు. పెళ్లికూతురు మాత్రం గాంగి ఇంటికి వచ్చేది. ఏడవడం నేర్చుకోవడానికి.

నవ్వాల్సిన పనేం లేదు. లంబాడాల పెళ్లిలో ఏడుపంటే ఊరికే కారిపోయే కన్నీళ్లు కావు. దానికి మాటలున్నాయి, రాగముంది, ఢావ్లో అని పేరుంది. అత్తారింటికి పోయే పిల్ల ఒక్కొక్కరి మెడ చుట్టూ చేతులు వేసి, ఒక్కొక్కరికీ వేరే పాట పాడుతూ ఏడుస్తుంది. తండ్రి మెడ పట్టుకుంటే ఒకటి, అన్నకు ఒకటి, కలిసి కట్టెలకు పోయిన స్నేహితురాలికి ఇంకొకటి. తల్లిది అన్నిటికన్నా పొడుగు, అన్నిటికన్నా కష్టం. పాడేది ఎప్పుడూ పోయే పిల్లే. ఉండిపోయేవాళ్లు మెడ ఇచ్చి నిలబడతారు, అంతే.

గాంగి గట్టి పంతులమ్మ. "ఏందే ఆ ఏడుపు? పన్ను నొచ్చినట్టు ఏడుస్తున్నవు. కడుపుల నుంచి రావాలె" అని కసిరేది. పిల్లలు పడీపడీ నవ్వేవారు. పెళ్లినాడు మాత్రం పందిరి కింద ఒక్క కన్ను కూడా పొడిగా ఉండనిచ్చేవారు కాదు.

ఇంతమందికి తల్లి ఢావ్లో నేర్పిన గాంగి తన తల్లికి దాన్ని పాడలేదు. ఇదేమీ దాచుకున్న సంగతి కాదు. ఏ పెళ్లికి పోయినా తనే ఎత్తుకుని చెప్పేది. గాంగి పెళ్లి ఇప్పపూలు రాలే రోజుల్లో జరిగింది. అంపకాల పొద్దున తల్లి గంప తలకెత్తుకుని పూలేరడానికి అడవికి పోయింది. పిలిచారు, వెతికారు, కేకలు పెట్టారు. మగపెళ్లివాళ్లు ఎండెక్కుతోందని తొందర చేశారు. గాంగి తండ్రి మెడ పట్టుకుని పాడింది, అన్నల మెడలు పట్టుకుని పాడింది, తల్లిది గొంతులోనే పెట్టుకుని బండెక్కింది. ఆ వానాకాలమే తల్లి జ్వరంతో పోయింది. గాంగి మళ్లీ పుట్టిల్లు చూసేసరికి ఆమె లేదు.

"బిడ్డ కంటె పూలే ఎక్కువైనయి ఆమెకు" అనేది గాంగి. ముప్పయ్యేళ్లు దాటినా ఆ మాటలో కారం తగ్గలేదు.

గాంగి కూతురు రేఖ బొమ్మలు వేస్తుంది. హైదరాబాదులో బొమ్మల చదువు పూర్తిచేసి 2013 ఎండాకాలానికి తండాకు వచ్చింది. వస్తూ వస్తూ ఒక పని నెత్తినేసుకుని వచ్చింది. ఈ పక్క ఊళ్ల నుంచే వెళ్లి తనతో చదువుకున్న మరి నలుగురితో కలిసి కామారెడ్డిలో ప్రదర్శన పెట్టాలని. పేరు 'మతికున్నంత'. ఎవరికి ఏది జ్ఞాపకముంటే దాన్ని ఎవరికి చేతనైన పద్ధతిలో వాళ్లు చూపిస్తారు. ఒకరు మట్టితో, ఒకరు ఫొటోలతో, ఒకరు అట్టపెట్టెలతో. రేఖ వంతు ఢావ్లో. తల్లి పెళ్లినాటి అద్దాల ఫేటియాను, అంటే ఆ కుచ్చుల లంగాను, పైనుంచి వేలాడదీస్తుంది. దాని కిందికి వచ్చి నిలబడినవాళ్లకు తల్లి గొంతు వినిపించాలి.

"ఇప్పుడు పెండ్లిళ్లల్ల డీజేలు పెడుతున్నరు యాడీ. నీ తర్వాత గీ పాట ఎవ్వరికీ మతికుండదు" అంది రేఖ. వాళ్ల భాషలో యాడీ అంటే అమ్మా అని.

గాంగికి ఆ మాట నచ్చింది. వాకిట్లో బోర్లించిన గంపమీద రేఖ రికార్డు చేయడానికి ఫోను పెట్టింది. గాంగి కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. మాటలు వచ్చాయి. పాట రాలేదు. రేషను దుకాణంలో పేర్లు పిలిచినట్టు వచ్చింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అంతే.

"గాలికి ఏడ్వుమంటే ఎట్ల ఏడుస్తరే? మెడ ఉండాలె."

అరుగుమీద కూర్చున్న మొగుడు భీమ్‌సింగ్ హుషారుగా ముందుకు వంగాడు. "నా మెడ లేదా ఏంది? పట్టుకో."

"నీ మెడ పట్టుకుంటే ఏడుపు రాదు, పిసుకబుద్ధయితది."

రేఖ నవ్వుతూ దగ్గరికి జరిగింది. "నా మెడ పట్టుకో యాడీ."

గాంగి నిప్పు తగిలినట్టు వెనక్కి జరిగింది. పెళ్లి కాని పిల్లతో ఢావ్లో ఏంటి? ఇంట్లోంచి వెళ్లగొట్టినట్టు కాదూ? "తప్పు. నీ లగ్గం నాడు నువ్వు పాడుదువు, నేను మెడ ఇస్త."

"నాకిప్పుడు లగ్గం వద్దని చెప్పిన గదా. జూన్‌ల బరోడా పోతున్న. రెండేండ్లు చదువాలె."

"లగ్గం గాకుంటనే పోతవా?"

"లగ్గమైతెనే పోవుడా? మరి నేను పోతున్న గదా, నాకు నీ మెడ దొరకదా ఇగ?"

గాంగి మేకలు చూసి వస్తానని లేచి వెళ్లిపోయింది. చీకటి పడేదాకా రాలేదు. మర్నాడు రేఖ ఖాళీ ఫోను పట్టుకుని కామారెడ్డి బస్సెక్కింది.

బందు వల్ల ఒకసారి వాయిదా పడి, చివరికి ఏప్రిల్‌లో ప్రదర్శన మొదలైంది. స్టేషన్ రోడ్డు పక్కన ఖాళీగా పడి ఉన్న బియ్యం గోదాముకు సున్నం వేసి తయారుచేశారు. మొదటిరోజే గాంగి, భీమ్‌సింగ్ వచ్చారు. కూతురి మీద కోపమున్నా కూతురు పెట్టుకున్న పండుగకు పోకుండా ఉండేంత గట్టి మనిషి కాదు గాంగి.

గుమ్మంలోనే ముజమ్మిల్ పెట్టిన అట్టపెట్టెలు. ఎల్లారెడ్డి పిల్లవాడు, తండ్రి దుబాయిలో పనిచేసి వచ్చేటప్పుడల్లా తెచ్చిన పెట్టెలవి. నీలం ప్లాస్టిక్ తాళ్లు, పైన లావుపాటి అక్షరాలతో ఊరి పేరు. ఒక్కో పెట్టెకు ఒక చిన్న కిటికీ కోశాడు. ముక్కు పెడితే ఒకదాంట్లో అత్తరు వాసన, ఒకదాంట్లో సబ్బు వాసన. "మా నాయిన ఎట్లుంటడో మతికి లేకుండె పెద్దమ్మా, గీ వాసనలే మతికుండె" అన్నాడు వాడు. అవతల బీర్కూర్ ప్రకాశ్ నేలమీద మడి మట్టి పరిచి, నాట్లు వేసే తల్లి పాదాల గుర్తులు దాంట్లో వేయించాడు. మట్టి ఎండి పగుళ్లిస్తోంది. గుర్తులు పోకుండా ప్రకాశ్ చెంబుతో నీళ్లు చిలకరిస్తూ తిరుగుతున్నాడు. "గీడ గూడ మడి తడుపుడు తప్పలే నీకు" అని భీమ్‌సింగ్ వేళాకోళమాడాడు. గాంగి మాత్రం ఆ పాదాల దగ్గర చాలాసేపు నిలబడింది. బురదలో వేళ్లు ఊని నడిచే ఆడమనిషి అక్కడే ఎక్కడో ఉన్నట్టు అనిపించింది ఆమెకు.

రేఖ మూల వెనక ఉంది. ఫేటియా వాసం నుంచి గుడారంలా వేలాడుతోంది, అద్దాలు మెరుస్తున్నాయి. కింద ఒక పీట, ఒక స్పీకరు. పక్కన రేఖ చేతిరాత కాగితం: దీనికి పాట ఉంది, ఇంకా దొరకలేదు. వచ్చినవాళ్లంతా స్పీకరును తట్టి చూస్తున్నారు. "కరెంటు పోయిందా?" అని ఒకరు, "ఖరాబైనట్టున్నది" అని ఒకరు. ప్రతిసారీ రేఖ నవ్వి, లేదండీ అంటోంది. తల్లి వైపు చూసింది గాని పాడమని అడగలేదు. ఆ అడగకపోవడమే గాంగికి గుచ్చుకుంది. కూతురి మొదటి ప్రదర్శన తన మొండితనం వల్ల మూగదైపోయిందని తెలుస్తూనే ఉంది. చాలా సిగ్గేసింది.

"మెడ సూడు. పాడుత" అంది ఉన్నట్టుండి. "నీది గాదు."

రేఖ కంగారుగా చుట్టూ చూసింది. గంజిచీర కట్టుకున్న కాలేజీ మేడమొకావిడ మడత నలుగుతుందేమోనన్నట్టు ఒక అడుగు వెనక్కి వేసింది. మిగతావాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గోదాము ఊడ్వడానికి పెట్టుకున్న ముసలామె భూదవ్వ ఇదంతా విని చీపురు గోడకు ఆనించి వచ్చింది.

"నా మెడ పనికొస్తదా బిడ్డా?"

"వస్తది అవ్వా" అంది గాంగి. స్నేహితురాలి ఢావ్లో పాడేసి పని ముగించుకుందామనే అనుకుంది. అది పొట్టిది, తేలిక. రెండు చేతులూ భూదవ్వ మెడ చుట్టూ వేసింది. ఎండిన భుజాలు, నెరిసిన వెంట్రుకలు, చెంగులో వక్కపొడి వాసన. నోరు తెరిస్తే స్నేహితురాలిది రాలేదు.

"యాడీ, రేపటి సంది నీ కుండల పిడికెడు జొన్నలు మిగులుతయి, ఎవరికి పెడుతవు? నా దుప్పటి ఎవరికి కప్పుతవు?" వాళ్ల భాషలో పాడుతోంది కాబట్టి గోదాములో ఆ మాటలు తెలిసింది భీమ్‌సింగ్‌కూ రేఖకూ మాత్రమే. కానీ ఎవరూ కదల్లేదు. నేర్పిన మాటలన్నీ అయిపోయాయి. ఆమె ఆగలేదు. ఎవరికీ నేర్పని మాటలు మొదలయ్యాయి. "గంప ఎందుకు ఎత్తుకున్నవు యాడీ? పొద్దుందాక పూలేరినవా? నేను బండెక్కినంక ఎటు సూసినవు?"

గాంగి వాళ్ల తండా పద్ధతిలో తల్లి ఢావ్లోను పిల్ల తనంతట తాను ఆపదు. తల్లే పిల్ల చేతులు విడదీసి సెలవివ్వాలి. భూదవ్వకు అదెలా తెలుస్తుంది? ఆమె వీపు నిమురుతూ అలాగే నిలబడింది. పాట ముగిసే దారి లేక గాంగి వెక్కుతూనే ఉంది. భీమ్‌సింగ్ దగ్గరికి రాబోయాడు. అప్పుడు ముసలామె, పిల్లల్ని పంపే ఏ ఆడమనిషైనా అనే మాటే అంది. "ఊకో బిడ్డా, ఊకో. పోయి రా. సల్లగుండు, పోయి రా."

గాంగి చేతులు వాటంతటవే వదులయ్యాయి.

ముఖం తుడుచుకుని తలెత్తితే ఎదురుగా రేఖ. రికార్డు చేస్తున్న ఫోను చేతిలోనే ఉంది, కళ్లు వర్షిస్తున్నాయి, దగ్గరికి రావడానికి మాత్రం భయపడుతోంది. నాకు నీ మెడ దొరకదా అని అడిగిన పిల్ల. ఆ రోజు తానేం చేసింది? మేకల దగ్గరికి పోయింది. తన తల్లి పూల దగ్గరికి పోయింది. పూలు ఎక్కువై కాదు. మెడ ఇస్తే చేతులు విడదీయాలి, పొమ్మనాలి. అది చేతకాక పారిపోయింది పిచ్చిది. ఇన్నేళ్లు ఆమెను తిట్టుకుంటూనే ఉంది గాంగి.

"రేఖా, ఇటు రా. పాడు."

"లగ్గం గాలే గదా యాడీ?"

"లగ్గం సంగతి లగ్గం నాడు సూద్దాం. జూన్‌ల పోతున్నవా లేదా? పోయేటోళ్లు పాడాలె."

రేఖకు ఢావ్లో సరిగా రాదు. తల్లి ఇతర పిల్లలకు నేర్పుతుంటే తలుపు వెనక నుంచి విన్న ముక్కలే వచ్చు. ఆ ముక్కలతోనే తల్లి మెడ పట్టుకుంది. అన్నకు పాడే మాటలు తండ్రి రాగంలో పెట్టింది, ఒకే మాట మళ్లీ మళ్లీ పాడింది. అంత గట్టి పంతులమ్మ ఒక్క తప్పు కూడా దిద్దలేదు.

మాటలు అయిపోయి రేఖ ఉత్త ఏడుపులోకి వచ్చింది. ఇక గాంగి వంతు. చేతులు లేపింది, కూతురి మణికట్ల దాకా తెచ్చింది, అక్కడే ఆగిపోయింది. ఇంకాసేపు ఉండనీ అనిపించింది. ఆ ఇంకాసేపు చాలాసేపే అయింది. భూదవ్వ చీపురు తీసుకుని మెల్లగా దూరం జరిగింది.

గాంగి కూతురి చేతుల్ని మెడ మీద నుంచి ఒక్కొక్కటిగా తీసి, రెండూ తన చేతుల్లో పట్టుకుని అంది.

"పోయి రా."