టేపులో లేని గొంతు

కొండాపూర్‌లో నేను మా అమ్మాయితో ఉంటున్న ఫ్లాటుకి ఎదురుగా కొత్తగా దిగిన, ఐటీ కంపెనీలో పనిచేసే నలభై దాటిన ఆవిడ, నేనొకప్పుడు టీవీ నాటకాలు రాసేదాన్నని విని మొన్న ఆదివారం మా ఇంటికొచ్చింది. నా మొదటి నాటకంలో తల్లి వేషం వేసినావిడ తన కన్నతల్లేనట. తనని కన్న పురిట్లోనే పోయిందట. ఇంట్లో ఫోటో ఒకటుంది గానీ, ఆవిడ గొంతు ఎక్కడా లేదట.

“మా అమ్మ గొంతు ఎట్లుంటదో నాకు తెల్వదు ఆంటీ. ఆ టేపు ఎక్కడన్న దొరుకుతదా?” అని అడిగింది.

దొరకదని ఎలా చెప్పను? వీధికొక్క టీవీ ముందు చాపలు పరుచుకుని కూర్చున్న మన తరానికి, ఆ పెట్టెలో కనిపించినదంతా ఎక్కడో భద్రంగా ఉంటుందనే నమ్మకం. కానీ టేపులు కరువు కాబట్టి, ప్రసారమైన కొన్నాళ్లకే అదే టేపు మీద మరో కార్యక్రమం రికార్డు చేసేవారు. మా నాటకం మీద వ్యవసాయ కార్యక్రమం ఎక్కిందని తెలిసి, ఎరువుల కింద పోయిందని మేం నవ్వుకున్నాం కూడా. ఆ పిల్ల ముఖం చూస్తూ ఆ నవ్వు తలుచుకుంటే నాకు సిగ్గేసింది.

రికార్డింగు నాటికి వాళ్లమ్మకి ఏడో నెల. పాత్ర చూస్తే ఎదిగిన కొడుకులున్న పెద్దావిడ, కడుపు కనిపించకూడదు, అందుకని ఆవిడ ఎక్కడా లేవకుండా కుట్టుమిషను వెనకాలే కూర్చుని మాట్లాడేలా సీన్లన్నీ తిరగరాశాను. ఆవిడది నల్లగొండ వైపు. అప్పటి నాటకాల్లో మాత్రం తల్లులందరూ మా కోస్తా మాటే మాట్లాడాలి, ఆవిడ దాన్ని ఎంతో శ్రద్ధగా నేర్చుకుంది. అంటే టేపు దొరికినా అందులో ఉండేది నా భాషే. లైట్లు ఆర్పగానే మాత్రం కడుపు మీద చెయ్యేసుకుని తన మాటలో మెల్లగా చెప్పుకునేది:

“జర ఓపిక పట్టు బిడ్డా. గీ ఒక్క సీనే, ఇగ ఇంటికి పోదాం.”

టేపు లేదని చెప్పి, ఆవిడ కడుపులో బిడ్డతో అన్న ఆ మాట కూడా చెప్పాను. ఆ పిల్ల ఫోనులో రికార్డింగు నొక్కి నా ముందు పెట్టి, ఆ మాట అమ్మ అన్నట్టే మళ్లీ ఒకసారి అనమని బతిమాలింది. నా నోటికి ఆ యాస పట్టుబడదని తెలిసినా కాదనలేక అన్నాను.

ఆ రోజు నుంచి సాయంత్రాలు ఆవిడ ఆఫీసు నుంచి రాగానే ఎదుటి తలుపు వెనక నా గొంతు నాకే వినిపిస్తోంది, ఓపిక పట్టమని బిడ్డకి చెబుతూ. వింటుంటే భయమేస్తుంది. మా రోజుల్లో ఉండవలసిన గొంతులు చెరిగిపోయాయి, ఇప్పుడేమో ఏదీ చెరగదు. వినగా వినగా, అమ్మ గొంతంటే ఇదేనని ఆ పిల్ల మనసులో నిలిచిపోతుందేమో. అప్పుడిక ఆ తల్లిది నిజంగా ఏమీ మిగలదు.