యోహాను గారి పది వేళ్లు

1997 జనవరిలో నన్ను నరసాపురం వైపు గ్రామాలకు డెప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి రాజమండ్రిలోని ఒక అంధుల పాఠశాలలో బ్రెయిలీ టీచరుగా నాకు పద్దెనిమిదేళ్ల సర్వీసు. చదువుకున్నాక చూపు పోయిన పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి, ముందు అర్హత పరీక్ష చేసి, పనికొస్తారనుకున్న వాళ్లకు బ్రెయిలీ నేర్పాలి. ఎవరి వేలు చూసినా బ్రెయిలీకి పనికొస్తుందో లేదో ఇట్టే చెప్పేయగలనని నాకు కాస్త గర్వంగా ఉండేది.

జాబితాలో మూడో పేరు యోహాను గారిది. గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో, చేపలు పట్టేవాళ్ల ఊళ్లో ఆయన ఉపదేశి. అంటే ఫాదర్ గారు రాలేని ఆదివారాల్లో ప్రార్థన జరిపించే మనిషి. మిగతా వారమంతా పడవ, వల. నీటికాసుల జబ్బుతో రెండేళ్ల కిందట చూపు పూర్తిగా పోయింది.

జూలై మూడున, పునీత తోమా పండగనాడు, ఆ ఊళ్లో పడవలు నీళ్లలోకి దిగవు. తోమా ప్రభువుకు శిష్యుడు కావడం మొదలుకొని, ఓడెక్కి మన దేశం వచ్చి, చెన్నపట్నం దగ్గర కొండమీద ఈటెపోటుకు ప్రాణం విడవడం దాకా ఆయన చరిత్రను ఉపదేశి నిలబడి చదవాలి. ఇరవై రెండేళ్లు యోహాను గారే చదివారు. చూపు పోయాక రెండు పండగలకు వేరే ఆయన చదివితే, ఈయన వెనక వరసలో కూర్చున్నారు. ఈసారి కూడా చదవలేకపోతే కొత్త ఉపదేశిని పెట్టుకుంటామని ఊరి పెద్దలు మర్యాదగానే చెప్పారట.

కథంతా కంఠతా వచ్చు కదా, చెప్పేయవచ్చు కదా అన్నాను.

"వచ్చండి. కానీ అప్పజెప్పడం వేరు, చదవడం వేరు కదండీ. పుస్తకం చూసి చదివితేనే అది తోమా గారి మాట. లేకపోతే నా మాటైపోద్దండి," అన్నారు.

పరీక్ష చూపుడువేలికే పెడతాం. బ్రెయిలీలో ఒక్కో గడిలో ఆరు చుక్కలకు చోటుంటుంది. వాటిలో ఏవి ఎత్తుగా ఉన్నాయో వేలితో తడిమి చెప్పాలి. ముప్ఫై ఏళ్లు తాళ్లు లాగి కాయలు కాసిన చేతులు ఆయనవి. "కాగితం నున్నగా ఉందండి," అన్నారు. రెండో చూపుడువేలూ అంతే. ఫారంలో 'బ్రెయిలీకి అనర్హులు, క్యాసెట్లు ఇవ్వదగును' అని రాసి, రూలు ప్రకారం చదివి వినిపించాను. ఆయన పరీక్ష కాగితాన్ని నలగకుండా నా చేతికిచ్చారు.

టీ తెచ్చిన ఆయన భార్య మరియమ్మ గారు ఊరుకోలేదు. "టీచర్ గారండీ, వలలో దారం ఎక్కడ నలిగిందో చూడాలంటే మా ఆయన ఆ వేళ్లు పెట్టరండి. ఎడంచేతి చిటికెన వేలు పెడతారు. అదొక్కటి తప్ప మిగతావన్నీ చెక్కలేనండి."

కొంత విసుగ్గానే ఆ వేలిని కాగితం మీద పెట్టించాను. అది మెల్లగా జరిగి ఒకచోట ఆగింది. "ఇక్కడ మూడున్నాయండి. పక్క గడిలో ఒకటే," అన్నారు. నిజమే! చిటికెన వేలితో నేర్పడమన్న మాట మా శిక్షణలో ఎక్కడా లేదు. ఫారం చింపి సంచిలో వేసుకున్నాను.

అయిదు నెలలు, వారానికి రెండు రోజులు వెళ్లాను. తోమా చరిత్రను ఏడు కాగితాల మీద నేనే బ్రెయిలీ స్లేటు అనే గళ్ల చట్రం పెట్టి, మొనదేలిన పుల్లతో పొడిచాను. కుడి నుంచి ఎడమకు పొడిచి కాగితం తిరగేస్తే అక్షరాలు ఎడమ నుంచి కుడికి లేస్తాయి. మరియమ్మ గారు రోజూ ఆ వేలిని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి కొబ్బరినూనె రాసేవారు. ఆ వేలికి పెళ్లికూతురి మర్యాదలు జరుగుతున్నాయని నేను ఆటపట్టిస్తే, "నా పెళ్లికి నాకే ఇన్ని జరగలేదండి," అన్నారావిడ.

పండగనాడు నేను రెండో వరసలో నా రాతప్రతి, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. తప్పులు లెక్కపెట్టడం టీచర్ల జబ్బు. ఆయన లేచి నిలబడి, ఒక్కో మాటా నిదానంగా చదవసాగారు. ప్రభువు గాయాల్లో వేలు పెట్టి చూస్తేగాని నమ్మనని తోమా అనే చోట నేను 'అవిశ్వాసి తోమా' అని రాశాను. ఆయన 'తోమా' అని మాత్రమే చదివారు. ఒక తప్పు అని గుర్తు పెట్టుకున్నాను. అది తప్ప చివరిదాకా ఎక్కడా తొట్రుపడలేదు. ఈటెపోటు దగ్గరికి వచ్చేసరికి మరియమ్మ గారు కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నారు. నేనూ ఏడ్చాను.

తర్వాత ఆ తప్పు సంగతి అడిగాను. ఆయన నాలుగో కాగితం తీసి నా వేలిని ఆ చోట పెట్టించారు. అక్కడ చుక్కలు లేవు. బ్రెయిలీ చుక్కను గోటితో నొక్కి చదును చేస్తే చెరిగిపోతుంది. ఆ ఒక్క మాటనూ ఆయన అలా చెరిపేశారు.

"తోమా గారు చేత్తో చూస్తానన్నారండి, పాపం. అందులో అవిశ్వాసం ఏముందండీ?" అన్నారు.

ఆ తర్వాత ఇంకో పదకొండేళ్లు సర్వీసు చేశాను. 'అనర్హులు' అని రాయబోయిన ప్రతిసారీ ముందు పది వేళ్లూ పరీక్షించాను. ఆపైన, ఇంట్లో మీరు దేన్ని దేంతో చూస్తారని ఆ మనిషినే అడిగాను. ఆ తర్వాత కూడా 'అనర్హులు' అని రాయవలసిన అవసరం చాలా తక్కువసార్లు వచ్చింది.